గార్డు పెట్టెలోంచి కనిపించిన కొండలు

కర్మక్రియల రోజు భోజనాలయ్యాక పెద్దవాళ్లు షామియానా కింద కుర్చీల్లో కూర్చుని నాన్న గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మంచినీళ్ల జగ్గు పట్టుకుని అటు వెళ్లాను. నాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన అంటున్నాడు: "ఇంట్లో కాలు నిలిచే మనిషి కాదప్పా వాడు. కానీ పెళ్లాం బిడ్డల్ని మాత్రం బాగా చూసుకున్నాడు."

అందరూ తలలూపారు. ఆయన నాన్న మీద ప్రేమతోనే అన్నాడు, కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. నేనేమీ అనకుండా గ్లాసులు నింపి లోపలికి వచ్చేశాను. ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా ఆ మాటలోని "కానీ" మాత్రం నన్ను వదల్లేదు.

మన వైపు సంసారపక్షం మనిషి అంటే ఒక బొమ్మ ఉంది. సాయంత్రానికి కూరగాయల సంచితో ఇల్లు చేరతాడు. జీతం తెచ్చి ఇంట్లో ఇస్తాడు. ఆదివారం మధ్యాహ్నం ఫ్యాను కింద పడుకుంటాడు. కొండలు, అడవులు పట్టుకుని తిరిగేవాడు వేరే రకం. వాడి అరికాళ్లలో చక్రాలున్నాయంటారు. వాడికి పిల్లనివ్వడానికి ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. ఈ ఇద్దరూ ఒకే మనిషిలో ఉంటే మనకు మింగుడుపడదు, అందుకే మధ్యలో "కానీ" పెడతాం. నేను ఇదంతా రాస్తున్నది ఆ ఒక్క మాటను కొట్టేయడానికే. మా నాన్న కొండల్లో తిరిగి, ఆ తిరుగుడుకు పరిహారంగా ఇంటిని చూసుకోలేదు. ఇంటిని చూసుకోవడమనే పనిలో సగం ఆయన కొండల్లోనే చేశాడు.

నాన్న రైల్వేలో గూడ్స్ గార్డు. రేణిగుంట హెడ్‌క్వార్టర్. 2022 నుంచి గార్డుల్ని ట్రైన్ మేనేజర్లు అంటున్నారు. ఆయన అంతకు పదేళ్ల ముందే రిటైరయ్యాడు కాబట్టి మాకు ఎప్పటికీ గార్డే. గూడ్సు బండికి చిట్టచివర బ్రేక్‌వ్యాన్ ఉంటుంది. గార్డు పెట్టె అనేవాళ్లం. ఆ రోజుల్లో అందులో ఫ్యాను లేదు, లైటు లేదు. ఒక బెంచీ, పక్కన ఆయన లైన్ బాక్సు. అందులో ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, ప్రమాదముందని డ్రైవరుకు తెలిసేలా పట్టాల మీద పేలే డిటొనేటర్లు, మందుల డబ్బా. ఇంజను ఎక్కడో అర కిలోమీటరు ముందుంటుంది. మాట్లాడే తోడు లేదు. పాసింజరు బండికో ఎక్స్‌ప్రెస్‌కో దారివ్వడానికి గూడ్సును లూప్ లైనులో నిలబెడితే గంటలు గడిచిపోయేవి.

రేణిగుంట దాటి గుంతకల్లు వైపు వెళ్తే మామండూరు, బాలపల్లె, సెట్టిగుంట, కోడూరు వరసగా వస్తాయి. ఎడమచేతి వైపు శేషాచలం కొండలు బండితో పాటే నడుస్తాయి. బాలపల్లె దగ్గర బండి ఆగితే అడవి పట్టాల అంచుదాకా వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది. నాన్న అడవిని మొదట చూసింది అక్కడే. నెలకు ఎన్నోసార్లు, పగలూ రాత్రీ, ఎండాకాలంలో ఆకు రాలి ఎముకల్లా నిలబడ్డప్పుడూ, కార్తీకంలో పచ్చగా ముసురుకున్నప్పుడూ అవే కొండలు. "రోజూ ఎదురింటి వాకిలి చూస్తా ఉంటే ఒకరోజైనా లోపలికి పోవాలనిపించదా?" అనేవాడు. రెస్టు రోజున పోవడం మొదలుపెట్టాడు. మొదట ఒక్కడే పోయేవాడు. నాకు ఏడేళ్లు రాగానే నన్ను, తర్వాత తమ్ముడిని వెంటబెట్టుకున్నాడు.

ఆయన సాహసం ఏ పాటిదో నిజాయితీగా చెప్పాలి. ఎవరెస్టు కాదు, హిమాలయాలు కూడా కాదు. తలకోన జలపాతం పైగట్టు దాకా వెళ్లే దారి, కుమారధార, ఫాల్గుణ పున్నమికి తుంబురు తీర్థం, అన్నమయ్య నడిచాడని చెప్పే కుక్కలదొడ్డి వైపు పాత కాలిబాట, అహోబిలంలో ఉగ్రస్తంభం. వీటిలో చాలావాటికి జనం భక్తితో వెళ్తారు. నాన్న భక్తి లేనివాడు కాదు. తుంబురు తీర్థంలో రెండు కొండల మధ్య చీలికలోకి దిగి, నడుముల్లోతు నీళ్లలో నడుస్తూ, తలెత్తి పైన సన్నటి ఆకాశపు గీతను చూసినప్పుడు ఆయన చేతులు వాటంతటవే జోడించుకునేవి. దణ్ణం దేవుడికా కొండకా అని అడిగితే ఏమనేవాడో తెలియదు, నేనెప్పుడూ అడగలేదు.

చెప్పుకోదగ్గవి ఆయన వెళ్లిన చోట్ల కంటే ఆయన పద్ధతులు. ఇంటి నుంచి బయల్దేరే ముందు అమ్మకు తిరిగొచ్చే టైము చెప్పేవాడు. అమ్మ దాన్ని గోడ మీది క్యాలెండర్లో ఆ తారీఖు గడిలో పెన్సిలుతో రాసేది: "సా. 6". ఆ టైముకు రాకపోతే ఎవరింటికి కబురు పంపాలో కూడా ముందే అనుకునేవాళ్లు. ఇంకోటి సగం లెక్క. పొద్దున ఆరింటికి బయల్దేరి సాయంత్రం ఆరింటికి చేరాలంటే, మిట్టమధ్యాహ్నం ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాల్సిందే. కొండ కొస ఇంకో పది నిమిషాలే ఉందనిపించినా అంతే. చిన్నప్పుడు నాకది అన్యాయంగా ఉండేది. చాలా కొండల కొసలు నేను చూడలేదు. ఇప్పటికీ చూడలేదు.

మూడోది విజిలు. ఆయన మెడలో గార్డు విజిలు ఉండేది, మా ఇద్దరికీ బజారులో కొన్న ఇనుప విజిళ్లు. ఒక పొడుగు కూత అంటే "ఎక్కడున్నారు". రెండు పొట్టి కూతలు అంటే "ఇక్కడే ఉన్నాం". మూడు పొట్టి కూతలు అంటే "ఉన్నచోటే ఆగు, కాలు కదపొద్దు". మూడు కూతలు వినిపించాక ఎందుకు అని అడగకూడదు. ముందు ఆగాలి, తర్వాతే అడగాలి. ఈ ఒక్క విషయంలోనే మా నాన్న మాతో గట్టిగా ఉండేవాడు. మిగతా అన్నిటిలో మాట వినేవాడు, మమ్మల్ని వాదించనిచ్చేవాడు, ఓడిపోయేవాడు కూడా.

ఇవన్నీ ఇల్లు మరిచిపోయి తిరిగే మనిషి అలవాట్లా? కొండ మీద ఉన్న ప్రతి గంటా ఆయన మనసులో అమ్మ పెన్సిలుతో రాసిన ఆ అంకె ఉండేది. రోజంతా ఇంట్లోనే ఉండి ఇంటివాళ్ల మొహం చూడని మగవాళ్లు మా వీధిలో ఉండేవాళ్లు. చెడ్డవాళ్లని అనను. పనిచేసి అలసిపోయి వచ్చేవాళ్లు. వాళ్ల పిల్లలు నా స్నేహితులు. నాన్న గది తలుపు వేసి ఉంటే ఇంట్లో చప్పుడు చేయకూడదు, రేడియో పెట్టకూడదు. నాన్నకు ఏమిష్టమో, దేనికి భయమో వాళ్లకు తెలియదు. మా నాన్నకు కందిరీగలంటే భయమని నాకు తెలుసు. ఎక్కుడు వచ్చినప్పుడు ఎడమ మోకాలు ముందు నొప్పి పుడుతుందని తెలుసు. అలసిపోతే ఘంటసాల పాట ఎత్తుకుంటాడని, ఆ పాట సగంలో ఆగిపోయిందంటే ఏదో చూశాడని తెలుసు. ఒకే ఇంట్లో ఇరవై ఏళ్లు ఉన్నా తెలియని విషయాలు ఒక కొండ ఎక్కి దిగేలోపు తెలుస్తాయి.

ఆయన మాకేం నేర్పాడని అడిగితే పాఠాలేవీ గుర్తులేవు, చేతులతో తాకినవి గుర్తున్నాయి. తిరుమల ఘాట్‌రోడ్డు మీద ఒకచోట రెండు రకాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చున్నట్టు ఉంటాయి. కింద నల్లరాయి లాంటి గ్రానైటు, పైన పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు. వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చదివే పిల్లలెవరో బండిలో పరిచయమై నాన్నకు దాని సంగతి చెప్పారట. ఒకరోజు స్కూటరు పక్కన ఆపి నా అరచేతిని ఆ గీత మీద పెట్టించాడు. "కింది రాయికీ పై రాయికీ మధ్య ఎనభై కోట్ల ఏళ్ల తేడా ఉందంట పాపా. నీ చిటికెనవేలు ఒక కాలంలో ఉంది, బొటనవేలు ఇంకో కాలంలో ఉంది." నాకప్పుడు వందకు మించి లెక్కలు సరిగా రావు. ఆ గీతకు ఇంగ్లీషులో పెద్ద పేరుందనీ, భూగర్భ శాస్త్రవేత్తల సంస్థ దాన్ని జాతీయ స్మారకంగా గుర్తించిందనీ చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇప్పటికీ ఘాట్‌రోడ్డులో బస్సు ఆ మలుపు తిరిగితే నా చేయి దానంతటదే విచ్చుకుంటుంది.

ఎర్రచందనం చెట్టును బెరడు చూసి పట్టడం నేర్పాడు. నల్లగా, మొసలి తోలులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. చందనం అంటే వాసన వస్తుందనుకుని నేను చెట్టుకు ముక్కు ఆనించాను. ఏ వాసనా లేదు. "పేరులోనే చందనం. దీని గొప్ప రంగులో ఉంది" అన్నాడు. లోకంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు, మా ఇంటి వెనక కొండల్లోనూ ఆ చుట్టుపక్కలా మాత్రమే పెరిగే చెట్టు. తర్వాతి కాలంలో దాని దుంగల స్మగ్లింగు వార్తలు వచ్చినప్పుడల్లా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టేసేవాడు. ఆ రోజు ఇక మాట్లాడేవాడు కాదు.

కలివికోడి సంగతి చెప్పకపోతే నాన్న కథ సగమే అవుతుంది. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు ఈ పిట్టను మొదటిసారి కనుగొన్నాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని పుస్తకాల్లో రాసేశారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, లంకమల కొండల పాదాల్లో, ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఎన్నో నెలలుగా ఆ పక్షి కోసమే వెతుకుతున్నారు. లోకం పోయిందనుకున్న పిట్ట మన ముళ్లపొదల్లో బతికే ఉంది. ఎనభై ఆరేళ్లు ఎవరికీ కనబడకుండా, రాత్రిపూట మాత్రమే బయటికి వస్తూ.

నాన్న ఆ వార్తను పదిసార్లు చదివి ఉంటాడు. ఆ వేసవిలోనే మమ్మల్ని బండెక్కించి కడప తీసుకుపోయాడు. బద్వేలు దారిలో దిగి సాయంత్రం దాకా తిరిగాం. పిట్ట కనబడలేదు. పగలు కనబడదని ఆయనకూ తెలుసు. కలివి పొదలు చూపించాడు, పండిన కలివిపండ్లు కోసిచ్చాడు, నోళ్లు నల్లగా అయ్యాయి. "అది ఇక్కడే యాడో మనల్ని చూస్తా ఉంటుంది" అన్నాడు. అంతే. మేం ఏమీ చూడకుండానే ఇంటికొచ్చాం. నా చిన్నతనంలో అంత సంతోషంగా గడిచిన రోజులు ఎక్కువ లేవు. ఉన్నదని తెలిసి, దాన్ని దాని మానాన వదిలేసి రావడం కూడా వెళ్లినట్టేనని ఆ రోజు నాకు అర్థమైంది. ఆ పక్షి ఉండే చోటు దెబ్బతినకూడదని తెలుగుగంగ కాలువ దారిని మార్చారని తర్వాత పేపర్లో వస్తే ఆ ముక్క కత్తిరించి లైన్ బాక్సులో దాచుకున్నాడు.

ఆడపిల్లను అడవిలో తిప్పుతావా అని ఆయన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. మా అవ్వే ముందు అడిగింది. నాకు పన్నెండేళ్లు దాటాక ఆ అడగడం ఇంకా పెరిగింది. నాన్న ఎవరితోనూ వాదించలేదు. మరుసటి రెస్టు రోజు పొద్దున్నే నా బూట్లు తుడిచి వాకిట్లో పెట్టాడు. 2014 మే 25న నిజామాబాదు జిల్లా నుంచి వచ్చిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పద్నాలుగో ఏడు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి బండ మీద శిక్షణ మొదలుపెట్టిన పిల్ల. ఆ రోజు నాన్న నాకు ఫోన్ చేసి "చూశావా పాపా, మన పిల్ల" అన్నాడు. గొంతు పూడుకుపోయింది. రెండో మాట రాలేదు.

ఆ మరుసటి ఏడాదే మల్లి మస్తాన్‌బాబు వార్త వచ్చింది. నెల్లూరు జిల్లా సంగం దగ్గర గాంధీజనసంఘం అనే చిన్న ఊరి మనిషి. కోరుకొండ సైనిక్ స్కూలు, ఆపైన ఐఐటీ, ఐఐఎం చదువులు. అవన్నీ పక్కనబెట్టి కొండలెక్కాడు. 2006లో ఏడు ఖండాల్లోని ఏడు ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ తిరిగి రాలేదు. అప్పటికి నలభై ఏళ్లు. మా బంధువుల్లో కొందరు ఆ వార్తను తెచ్చి నాన్న ముందు పెట్టారు. "చూశావా, అంత చదువు చదివి ఏం లాభం? ఎవరికి ఉపయోగం?"

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ తల్లికి అడిగే హక్కుంది. మనకు లేదు" అన్నాడు.

నేను ఆ మాట గురించి చాలా ఆలోచించాను. మస్తాన్‌బాబు ఎక్కిన కొండలకూ మా నాన్న నడిచిన కొండలకూ పోలికే లేదు. ఒకరు ప్రాణాన్ని చేతిలో పెట్టుకుని వెళ్లారు, ఇంకొకరు ముగ్గురి ప్రాణాలు భుజాన వేసుకుని వెళ్లారు. భుజాన పిల్లలు ఉన్నప్పుడు కొండ ఎక్కే తీరే మారిపోతుంది. నాన్నలో ఆ మార్పు నాకు కనిపించింది. మా ముందు కాలంలో ఆయన తలకోన అడవిలో ఒక్కడే రాత్రి పడుకున్న కథలు ఉన్నాయి. మేం పుట్టాక అటువంటివి లేవు. మానేశానని బాధపడుతూ చెప్పలేదు. త్యాగం చేశానని కూడా చెప్పలేదు. ఆయన సాహసం సైజు తగ్గిందని కొందరు అనుకోవచ్చు. నన్నడిగితే అది కష్టమైన పని అయింది. ఒక్కడే ఎక్కడానికి బలం చాలు. తొమ్మిదేళ్ల పిల్లవాడితో ఎక్కడానికి ఆ బలంతో పాటు, కొస కళ్లముందు కనబడుతున్నా వెనక్కి తిరగగలిగే మనసు కావాలి.

ఇక్కడ అమ్మ గురించి చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టే. నాన్న రెస్టు రోజు అంటే అమ్మకు తెల్లవారుజామున నాలుగింటికి లేచే రోజు. పులిహోర కలిపి ఆకుల్లో కట్టాలి. చెనక్కాయలు వేయించాలి. బొరుగులు, బెల్లం, ఉప్పు కలిపిన మజ్జిగ సీసాల్లో పొయ్యాలి. మేం వెళ్లాక బట్టలు, గిన్నెలు, అవ్వకు మందులు. మేం వచ్చాక మట్టికొట్టుకుపోయిన మా బట్టలు. నాన్నకు రెస్టు దొరికింది, ఆ రెస్టుకు అమ్మ పనిచేసింది. మేం వెళ్తే నీకు ఆ రోజైనా ఇల్లు ప్రశాంతంగా ఉండేదేమో కదా అని ఒకసారి అన్నాను. "ఇల్లు ప్రశాంతంగా ఉండేది, నేను కాదు" అంది. ఆమె మాతో వచ్చింది మొత్తం రెండేసార్లు. రమ్మని నాన్న అడిగేవాడు, అవ్వను ఎవరు చూసుకుంటారన్న మాట దగ్గర ఆగిపోయేవాళ్లు. ఆ మాటకు జవాబు వెతకాల్సింది నాన్నే. వెతకలేదు. ఆయన మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు అది. ఆయన ఉన్నప్పుడే చెప్పాను, కాదనలేదు.

2021 నవంబరులో చెయ్యేరు పొంగింది. పైన పింఛా ప్రాజెక్టు నిండి పొర్లడం, ఆ నీళ్లొచ్చి అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగడం. 19వ తేదీ తెల్లారేసరికి కింద ఊళ్లు కొట్టుకుపోయాయి, ఎన్నో ప్రాణాలు పోయాయి. నందలూరు, రాజంపేట మధ్య రైలు పట్టాలు కూడా గాల్లో వేలాడాయి. ఆ పట్టాల మీద నాన్న ముప్పై ఏళ్లకు పైగా తిరిగాడు. అదే వానలకు తిరుమల శ్రీవారి మెట్టు దారి కూడా దెబ్బతిని నెలల తరబడి మూసేశారు. నాన్న టీవీ ముందు నుంచి లేవలేదు. అమ్మ ఫోన్ చేసి "మీ నాయన అన్నం తినలేదు, మాట్లాడు" అంది. ఫోనులో ఆయన అన్నది ఒక్కటే: "నీళ్లు పైన పడతాయి పాపా, కింద ఉన్నోళ్లకు ఎండే కనబడతాది." ఆయన చెయ్యేరు గురించి మాత్రమే మాట్లాడటం లేదని నాకు తెలుసు. తమ్ముడికి కూడా తెలుసు. మేం ముగ్గురం ఒక వాగు గురించి ముప్పై ఏళ్లుగా ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాం.

2023లో అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడికి ఆరేళ్ల పాప చనిపోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటాక పిల్లల్ని ఆ దారిలో పంపకూడదన్నారు. గుంపులుగా నడవమన్నారు, చేతికి కర్రలిచ్చారు. ఆ నియమాలు నాన్నకు కొత్త కాదు, ఆయనవీ దాదాపు అవే. అయినా ఆ రోజు ఆయన కుదేలైపోయాడు. కాబట్టి అడవిలో అపాయం ఏముంటుందిలే అని నేను ఎవరికీ చెప్పను. ఇవాళ చాలా దారులకు అనుమతి కావాలి, కొన్నింటిని పూర్తిగా మూసేశారు. అది సరైనదే. చెట్టూ జంతువూ మిగలాలంటే మన కాళ్లు కొంత ఆగాలి. నేను అడిగేది వేరు. తెరిచి ఉన్న దారులైనా ఉన్నాయి కదా, వాటి మీదికి పిల్లల్ని తీసుకెళ్లే తండ్రులు ఎందుకు తగ్గిపోయారు? పిల్లలకు ఖరీదైన స్కూలు, కోచింగ్, స్విమ్మింగ్ క్లాసు అన్నీ ఇస్తున్నారు. అవన్నీ ప్రేమతోనే. అవన్నీ ఇంకొకరి చేతుల్లో పెట్టడం. మన చేయి పట్టుకుని ఎనిమిది గంటలు నడవడం వాటిలో లేదు. ఆ ఎనిమిది గంటల్లో పిల్లలకు దాహమేస్తుంది, విసుగొస్తుంది, ఏడుస్తారు, చివరికి నోరు తెరిచి మనసులో ఉన్నది చెప్తారు. బళ్లో ఒకడు నన్ను ఏడిపిస్తున్నాడని నేను నాన్నకు చెప్పింది కుమారధార దారిలోనే. ఇంట్లో నెలరోజులు చెప్పలేకపోయాను.

నాన్న 2024 ఫిబ్రవరిలో నిద్రలోనే వెళ్లిపోయాడు. డెబ్భై ఒక్క ఏళ్లు. కొండ మీద కాదు, వాగులో కాదు. తన మంచం మీద, పక్కన అమ్మ ఉండగా. "చివరికి ఇంట్లోనే పోయాడు" అని కూడా ఎవరో అన్నారు, అదేదో ఇల్లు గెలిచినట్టు.

అందరూ వెళ్లిపోయాక ఒక మధ్యాహ్నం అమ్మా నేనూ వరండాలో కూర్చుని ఉన్నాం. తమ్ముడు మద్రాసు వెళ్లిపోయాడు. అమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"దసరా సెలవుల్లో మామండూరు పోయినారే ఒకతూరి, మీరు రాత్రి పదకొండున్నరకు వచ్చిన రోజు. ఇప్పుడన్నా చెప్పు, ఏం జరిగింది?"

క్యాలెండర్లో రాసిన టైముకు నాన్న ఇల్లు చేరని ఒకే ఒక్క రోజు అది. 1990. రైలు తప్పిపోయిందని నాన్న అమ్మకు చెప్పాడు. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అక్కడితో ఆ సంగతి ముగిసిందనుకున్నాం.

చెప్పాను. సగం టైము అయిపోయినా నేనే బతిమాలాను, ఇంకొక్క మలుపు తిరిగితే జలపాతం కనబడుతుందని. నాన్న మొదటిసారి తన లెక్క తప్పాడు, నా కోసం. అరగంట. తిరిగొచ్చేటప్పుడు పొద్దున మోకాళ్ల లోతున్న వాగు దగ్గరికి వచ్చాం. ఆకాశంలో మబ్బు లేదు. తమ్ముడు నీళ్లలో దిగి నాలుగడుగులు వేశాడు. నీళ్ల రంగు ఎర్రగా మారింది, ఎండుటాకులు, పుల్లలు తేలుతూ వచ్చాయి. నాన్న మూడు కూతలు వేశాడు. తమ్ముడు ఆగాడు, ఆగమన్నాడు కాబట్టి వాగు మధ్యలో ఆగిపోయాడు. తర్వాతి క్షణంలో కాళ్లు తేలిపోయాయి. నాన్న దూకాడు. పది గజాల కింద ఒక బండకు ఆనుకుని వాడి చొక్కా కాలరు దొరకబుచ్చుకున్నాడు. ముగ్గురం గట్టుపైన బండ మీద ఐదు గంటలు కూర్చున్నాం, నీళ్లు తగ్గేదాకా. ఆ ఐదు గంటలూ నాన్న తమ్ముడి మణికట్టు వదల్లేదు. చీకట్లో చేతిదీపంతో స్టేషనుకు నడిచాం. దారిలో నాన్న "అమ్మకు నేను చెప్తాను" అన్నాడు. ఏం చెప్తాడో అనలేదు. ఇంట్లో రైలు తప్పిపోయిందన్నాడు. మేమిద్దరం ఆయన పక్కన నిలబడి తలూపాం.

అమ్మ అంతా విన్నది. ఆశ్చర్యపోతుందనుకున్నాను, ఏడుస్తుందేమోనని భయపడ్డాను. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు కూర్చుంది.

"రైలు తప్పిపోతే వాడి చొక్కా జేబులోకి అంత ఇసుక యాడ నుంచి వస్తాది? కాలరు చినిగిపోయింది. ఉతికింది నేనే కదా."

"తెలిసీ నాన్నను ఎందుకు అడగలేదమ్మా?"

"అడిగుంటే నిజం చెప్పేవాడు. చెప్పినాక మిమ్మల్ని మళ్లా తీసకపోయేవాడు కాదు."